వయోలా మోడల్ డైరీ: 1906 నాటి ఆవిరి ట్రాలరు, అడుగుకి పావు అంగుళం

మే: ఏ ఏడాది ఓడ?

ఈసారి బల్ల మీదికి ఎక్కిన ఓడ పేరు వయోలా. ట్రాలరు, అంటే వల ఈడ్చుకుంటూ చేపలు పట్టే ఓడ. ఇంగ్లండులో హల్ నగరానికి దగ్గరున్న బెవర్లీ అనే ఊళ్లో, కుక్ వెల్టన్ అండ్ గెమ్మెల్ యార్డులో 1906లో కట్టారు. ఉక్కు ఒళ్లు, బొగ్గు బాయిలరు, ఆవిరి ఇంజను, ఒక్క ప్రొపెల్లరు. పొడవు సుమారు 108 అడుగులు. నా స్కేలు 1:48, అంటే అడుగుకి పావు అంగుళం. ఆ లెక్కన మోడల్ 27 అంగుళాలు వస్తుంది. మేడ మీద గదిలో నాకున్న బల్లకి అంతకు మించి పట్టదు.

కలప కొనేముందే తేల్చుకోవలసింది ఒకటుంది. ఏ ఏడాది నాటి ఓడ చెయ్యాలి? 1914 దాకా ఇది ఉత్తర సముద్రంలో చేపలు పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ నేవీ తీసుకుని తుపాకీ బిగించింది. యుద్ధం తర్వాత నార్వే వాళ్లు కొని పేరు మార్చారు. ముందు కాప్‌డ్యూన్, ఆ తర్వాత డయస్. తిమింగలాల వేట కోసం ఆఫ్రికా తీరానికి వెళ్లింది. 1927లో దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న దక్షిణ జార్జియా ద్వీపంలోని గ్రిట్వికెన్ తిమింగలాల స్టేషనుకి చేరి, అక్కడ ఏనుగు సీళ్ల వేటలో ఏళ్ల తరబడి పనిచేసింది. స్టేషను మూతపడ్డాక అక్కడే ఉండిపోయింది. తుప్పు పట్టి ఇప్పటికీ అక్కడే ఉంది, లోపల పాత ఆవిరి ఇంజనుతో సహా.

ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు దాదాపు అన్నీ ఈ ఆఖరి దశవే. గ్రిట్వికెన్ ఒడ్డున మంచు కొండలు, ముందు తుప్పు రంగు ఓడ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మోడల్ చేసేవాళ్లకి తుప్పు రంగు వెయ్యడం సరదా కూడా. కానీ ఆ ఫొటోలు చూసి చేస్తే తయారయ్యేది డయస్. నాకు కావలసింది చేపలు పట్టిన వయోలా. 1914కి ముందు, వల నీళ్లలో ఉన్న రోజుల్లోది. అంటే ఫొటోల మీద తక్కువ, ఆ కాలపు ట్రాలర్ల డ్రాయింగుల మీద ఎక్కువ ఆధారపడాలి. అలాగే కానిద్దాం.

జూన్: అడుగు భాగం

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, కొన్నిటిని ఒడ్డుకి లాగి రంగులేస్తుంటారు. ఓడ అడుగు భాగం ఎలా వంపు తిరుగుతుందో కళ్లారా చూడాలంటే అదే సమయం. ఇవి చెక్కవి, ఫైబరువి, వయోలా ఉక్కుది. అయినా ముందు భాగం నీటిని కోసే తీరు, వెనక ప్రొపెల్లరుకి నీరు అందడం కోసం ఒళ్లు సన్నబడే తీరు చూస్తే, కాగితం మీది గీతలకి అర్థం తెలుస్తుంది.

వెన్నుకర్రకి టేకు, అడ్డపక్కలకి ప్లైవుడ్. మీద పల్చని చెక్క పట్టీలు అతికి, లప్పం పెట్టి, సాండ్ పేపరు కొట్టాను. దీని గురించి ఎక్కువ రాయడానికి ఏం లేదు. ఒళ్లంతా దుమ్ము.

బెవర్లీ యార్డు గురించి మాత్రం ఒక మాట. అది సముద్రం పక్కన లేదు. హల్ నది ఒడ్డున ఉంది, ఆ నది అక్కడ చాలా ఇరుకు. మామూలుగా ఓడని వెనక్కి జార్చి దింపితే ఎదురు గట్టుకి గుద్దుకుంటుంది. అందుకని ఓడల్ని అడ్డంగా, పక్కవాటుగా నదిలోకి తోసేవాళ్లు. తర్వాత ఖాళీ ఒళ్లుని హల్‌కి లాక్కెళ్లి, అక్కడ ఇంజను, బాయిలరు దింపేవాళ్లు. వయోలా ఇంజను హల్‌లోని ఏమోస్ అండ్ స్మిత్ వాళ్లది. వయోలాని కట్టించిన హెల్యర్ కంపెనీ అప్పట్లో ఇలాంటి ట్రాలర్లని వరసపెట్టి కట్టించి, షేక్‌స్పియర్ నాటకాల పాత్రల పేర్లు పెట్టింది. చేపల కంపు కొట్టే ఓడలకి ఆ పేర్లు పెట్టిన మనిషెవరో గానీ, నాకు నచ్చాడు.

జూలై: రివెట్లు

వయోలా కాలానికి ఓడలు కట్టడంలో వెల్డింగ్ వాడేవాళ్లు కాదు. ఉక్కు రేకుల్ని ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కించి రివెట్లు కొట్టేవాళ్లు. 1:48లో రివెట్టు తల కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. అది లేకపోతే మాత్రం ఓడ ప్లాస్టిక్ బొమ్మ అయిపోతుంది. పల్చని అల్యూమినియం రేకు కోసి, వెనక వైపునుంచి టైలర్లు వాడే పళ్ల చక్రంతో స్కేలు పక్కన పెట్టి నొక్కుకుంటూ పోతే ముందు వైపు చుక్కల వరస తేలుతుంది. చక్రం పళ్లలో రెండిట్లో ఒకటి అరగదీస్తే దూరం సరిగ్గా కుదిరింది.

వానాకాలం గాలిలో తేమకి అతుకులు ఆరడం లేదు. రాత్రి అతికిన రేకు పొద్దున్నకి అంచు లేస్తోంది. చివరికి వంద వాట్ల పాత బల్బు వెలిగించి దగ్గర పెట్టాను. ఇంట్లో వాళ్లు కోడిగుడ్లు పొదిగిస్తున్నావా అని అడిగారు.

ఆగస్టు: వించ్, గాలోస్, తలుపులు

ఇక్కడినుంచే అసలు పని. ట్రాలరు అంటే ఒక వించ్ చుట్టూ కట్టిన ఓడ అంటాను నేను. వించ్ అంటే తాడు చుట్టి లాగే యంత్రం. ముందు డెక్కు మీద ఆవిరితో తిరిగే వించ్, దానికి రెండు డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ము నిండా ఉక్కు తాడు. డ్రమ్ములు అంకుడు కర్రతో చేశాను. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే. లేతు మీద వెన్నలా తెగుతుంది, సన్నని అంచులు కూడా విరగవు. పళ్ల చక్రాలు మాత్రం పాత గోడ గడియారం విప్పి తీశాను.

ఓడ పక్కన ముందొకటి, వెనకొకటి తిరగేసిన యు ఆకారపు ఇనుప ఫ్రేములు ఉంటాయి. వాటిని గాలోస్ అంటారు. ఒక్కో ఫ్రేముకి ఒక తలుపు వేలాడుతుంది. ఇనుప పట్టీలు కొట్టిన బరువైన చెక్క తలుపు. వలని నీళ్లలోకి దింపినప్పుడు ఈ రెండు తలుపులూ నీటి తోపుకి చెరో పక్కకి విడిపోయి వల నోరు తెరిచి ఉంచుతాయి. అంతకుముందు తెరచాప పడవల రోజుల్లో వల నోటికి 40, 50 అడుగుల దూలం అడ్డంగా కట్టాల్సి వచ్చేది. దూలం పొడవుకి మించి వల నోరు తెరుచుకోదు కదా. 1890ల మధ్యలో తలుపులు రావడంతో ఆ హద్దు పోయింది. పెద్ద వల, దాన్ని లాగేందుకు ఆవిరి. మన విశాఖ ట్రాలర్లు ఇవాళ లాగేవీ ఆ తలుపులే. ఇక్కడ బోర్డులంటారు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. చాలా ఏళ్లు సోనా బోటు అనే చిన్న ట్రాలరు మీద సరంగుగా, అంటే బోటు నడిపే పెద్దగా చేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నారు. నేను మావయ్యా అంటాను. మేడ మీదికి వచ్చి చూసి, గాలోస్ ఓడ పక్కన ఉండటం ఆయనకి నచ్చలేదు.

"ఇదేటి బాబూ, వల పక్కనుంచి లాగుతారేటి? ఎనక కదా ఉండాల. ప్రొపెల్లర్లో పడిపోదా?"

"అందుకే గాలి ఏ పక్కనుంచి వస్తే ఆ పక్కనే వల దింపేవాళ్లు మావయ్యా. గాలికి ఓడ వలకి దూరంగా జరుగుతుంది, వల మీదికి ఎక్కదు."

ఒక్క క్షణం ఆలోచించారు. "అంటే వల పైకి తీసినంతసేపూ ఓడ అలలకి అడ్డంగా ఉండాల. కళాసీలు అలలొచ్చే పక్కనే నిలబడాల."

నాకు రెండు పుస్తకాలు చదివితే గానీ తట్టని సంగతి ఆయన తలుపు ఎక్కడ వేలాడుతోందో చూసి చెప్పేశారు. పక్కనుంచి వల లాగే ట్రాలర్లలో అదే పెద్ద ప్రమాదం. వల లాగుతున్నప్పుడు రెండు ఉక్కు తాళ్లనీ వెనక భాగంలో ఒకచోటికి చేర్చి ఒక కప్పీలో బంధిస్తారు. పైకి తీసే ముందు ఆ కప్పీ విడిపించగానే తాళ్లు ఒక్కసారిగా బిగువుతో పక్కకి కొడతాయి. ఆ దారిలో మనిషి ఉండకూడదు. తర్వాత ఓడని అడ్డం తిప్పి, వించ్ తిప్పి, తలుపులు గాలోస్‌కి తగిలించి, మిగిలిన వలని మనుషులు రెయిలింగు మీదికి వంగి చేతులతో లాగాలి. ఆఖరున చేపలున్న సంచిని ముందు కొయ్యకి కట్టిన తాడుతో పైకెత్తి డెక్కు మీదికి తెచ్చి, అడుగున ఉన్న ముడి విప్పితే చేపలన్నీ కుప్పగా పడతాయి. డెక్కుని పలకలతో గడులుగా విడగొట్టేది అందుకే, ఓడ ఊగినప్పుడు చేపలు జారిపోకుండా. ఆ పలకలన్నీ పెట్టాను. ఐస్‌క్రీమ్ పుల్లలు.

సెప్టెంబరు: చిన్న పడవ

మోడల్ మొత్తంలో నాకు ముఖ్యమైన భాగం ఇదే. ఓడ పక్కన నీళ్లలో ఉండే తెడ్ల పడవ.

వయోలాని కట్టించింది పెట్టెల దండు కోసం. హల్‌లో అప్పుడు ఇలాంటి దండులు కొన్ని ఉండేవి. హెల్యర్ దండు ఒకటి, గేమ్‌కాక్ దండు ఒకటి. పదుల కొద్దీ ట్రాలర్లు ఉత్తర సముద్రంలో ఒకేచోట గుంపుగా వేటాడేవి. వాటికి ఒక 'అడ్మిరల్' ఉండేవాడు. నేవీ మనిషి కాదు, అనుభవమున్న ట్రాలరు సరంగే. వల ఎప్పుడు దింపాలి, ఎప్పుడు తియ్యాలి, గుంపు ఎటు కదలాలి, అన్నీ ఆయన పగలు జెండాలతో, రాత్రి రాకెట్లతో చెప్పేవాడు. ట్రాలర్లు వారాల తరబడి ఒడ్డుకి రావు. పట్టిన చేపని పేగులు తీసి, కడిగి, చెక్క పెట్టెల్లో సర్ది ఉంచితే, కట్టర్ అనే వేగమైన ఆవిరి ఓడ వచ్చి ఆ పెట్టెలన్నీ ఐసులో వేసుకుని లండన్‌లోని బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌కి పరుగెత్తేది.

కంపెనీ లెక్క చక్కగా ఉంది. ట్రాలరు ఇంటికి రాకపోకల్లో బొగ్గు తగలెయ్యదు, వేట ఆగదు, మార్కెట్‌కి తాజా చేప అందుతుంది. కానీ నడి సముద్రంలో ట్రాలరు నుంచి కట్టర్‌కి పెట్టెలు ఎలా వెళ్లాలి? రెండు ఉక్కు ఓడలు అలల మీద పక్కపక్కన ఆనుకుంటే రెండూ నలుగుతాయి. అందుకని తెడ్ల పడవ దింపేవాళ్లు. దాన్నిండా బరువైన పెట్టెలు వేసుకుని ఇద్దరు ముగ్గురు మనుషులు తెడ్లు వేస్తూ కట్టర్ దగ్గరికి వెళ్లాలి. అప్పటికే మిగతా ట్రాలర్ల పడవలన్నీ అక్కడ గుమిగూడి ఉంటాయి. పడవ అల మీద లేచిన క్షణంలో పెట్టెని పైవాళ్లకి అందివ్వాలి. క్షణం తప్పితే పెట్టెతో పాటు మనిషీ కిందికి. చలికాలంలో, పైన ఆయిల్‌స్కిన్ కోటు, కాళ్లకి తొడల దాకా బూట్లు. నీళ్లలో పడితే బూట్లు నిండి అడుక్కి లాగేస్తాయి. ఈ పనిలో పోయిన ప్రాణాలు తక్కువేం కాదు.

వలని లాగడానికి ఆవిరి, వించ్ తిప్పడానికి ఆవిరి, లండన్ దాకా పరుగెత్తడానికి ఆవిరి. ఆ మధ్యలో ఉన్న కాస్త నీళ్లు దాటడానికి మాత్రం మనిషి చేతులు. అక్కడ యంత్రం పెట్టడం ఖర్చు, మనిషి చవక. ఈ పద్ధతి 1930ల దాకా సాగింది.

అందుకని పడవ డెక్కు మీద ఖాళీగా బోర్లించి ఉండటం నాకు ఇష్టం లేదు. బేసు మీద రెజిన్‌తో నీళ్లు పోసి, ఓడ పక్కన పెట్టెల బరువుతో కాస్త కుంగిన పడవ పెడుతున్నాను. పొడవు అరచెయ్యంత. పెట్టెలు పల్చని సైకమోర్ వెనీరుతో, ఒక్కోదానికి పలకల గీతలు బ్లేడుతో గీసి. మనుషుల బొమ్మలు రైల్వే మోడళ్ల కోసం అమ్మేవి కొంటే అందరూ సూటు వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే ఉన్నారు. అవి పక్కన పెట్టి ఎపాక్సీ పుట్టీతో నేనే చేశాను. మొహాలు బాగా రాలేదు, టోపీలు బాగా వచ్చాయి.

మావయ్య ఈ సంగతంతా విని అడిగింది ఒక్కటే. "డబ్బులెలా ఇచ్చేవోరు?"

సరంగుకి, ఆయన తర్వాతి స్థానంలో ఉండే మేటుకి లాభంలో వాటా. డెక్కు మీద కుర్రాళ్లకి వారం జీతం, దాని మీద పట్టుబడిని బట్టి కొంత. అది చెప్పాను.

"సముద్రంలో పడినోడి వాటా ఎవులికి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ దండుల గురించి ఇంకో సంగతి. 1904 అక్టోబరులో, అంటే వయోలా కట్టడానికి కొంచెం ముందు, ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ అనే చోట రాత్రిపూట గేమ్‌కాక్ దండు లైట్లు వేసుకుని చేపలు శుభ్రం చేస్తుంటే, జపాన్ మీద యుద్ధానికి వెళ్తున్న రష్యా బాల్టిక్ నౌకాదళం వాటిని జపాన్ టార్పెడో బోట్లనుకుని కాల్పులు జరిపింది. క్రేన్ అనే ట్రాలరు మునిగింది, మనుషులు చచ్చిపోయారు. బ్రిటన్, రష్యా యుద్ధం అంచుదాకా వెళ్లాయి. జపాన్ ఎక్కడ, ఉత్తర సముద్రం ఎక్కడ! ఆ రాత్రి డెక్కు మీద కత్తులు పట్టుకుని చేపల పేగులు తీస్తున్నవాళ్లు ఏమనుకుని ఉంటారో.

అక్టోబరు: ఇంజను, ఎవరికీ కనిపించదు

ఇంజను గది పైన ఉండే అద్దాల కప్పు తీసి పెట్టేలా చేశాను. అందులోంచి చూస్తే సిలిండర్ల తలలు కనిపిస్తాయి. అంతకు మించి ఎవరికీ కనపడదు. అయినా చేశాను. జీవితమంతా డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన వాడికి ఆవిరి ఇంజను చెయ్యకుండా ఉండటం కుదరదు.

ఇది ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజను. మూడు సిలిండర్లు, మూడూ మూడు సైజులు. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి మంచి ఒత్తిడితో ముందు చిన్న సిలిండరులోకి వెళ్తుంది. అక్కడ పిస్టన్ని తోసి కొంత వ్యాకోచించాక బయటికి వదిలెయ్యరు. మధ్య సిలిండరులోకి పంపుతారు. ఒత్తిడి తగ్గింది కాబట్టి అంతే బలం రావాలంటే పిస్టన్ వెడల్పు పెరగాలి. అక్కడినుంచి మూడోదానికి, అది అన్నిటికన్నా పెద్దది. ఒకే ఆవిరితో మూడుసార్లు పని. చివర మిగిలిన ఆవిరిని సముద్రపు నీటితో చల్లార్చి మళ్లీ నీళ్లు చేసి బాయిలరుకే పంపుతారు. ఉప్పు నీళ్లు బాయిలరులో పోస్తే గార కట్టి గొట్టాలు కాలిపోతాయి కాబట్టి మంచినీళ్లనే తిప్పి తిప్పి వాడుకోవాలి.

ఈ తిప్పలన్నీ బొగ్గు కోసం. బొగ్గు ఎక్కువ తింటే కంపెనీకి ఖర్చు. బొగ్గుకి చోటు ఎక్కువ పోతే పెట్టెలకి చోటు తగ్గుతుంది. ఆ బొగ్గుని పారతో బాయిలరు ముందుకి చేరవేసి, మంట చూసుకునేవాళ్లకి పైన అల ఎలా ఉందో తెలియదు, కాలి కింద నేల ఊగుతోందని మాత్రమే తెలుస్తుంది.

ఇత్తడి గొట్టాలు మూడు సైజులు ఆర్డరిస్తే పంపినవాళ్లు రెండు సైజులే పంపారు. మూడోది పాత స్టవ్ బర్నర్ నుంచి కోశాను. సైజు భేషుగ్గా సరిపోయింది.

మేనల్లుడు వచ్చి చూసి అడిగాడు, "మామయ్యా, ఇది సబ్‌మెరైన్లని ముంచింది కదా, ముందు గన్ పెట్టచ్చు కదా?" నిజమే. 1918 ఆగస్టు 13న విట్బీ తీరం దగ్గర యుబి-30 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచిన సాయుధ ట్రాలర్లలో వయోలా ఒకటి. మరుసటి నెల 29న యుబి-115ని ముంచినప్పుడూ అక్కడ ఉంది. చేపల ట్రాలర్లు ఉత్తర సముద్రంలో మైన్లు ఏరాయి, కాపలా కాశాయి, చాలా మునిగిపోయాయి కూడా. కానీ గన్ పెడితే చూసినవాళ్లందరి కళ్లూ దాని మీదికే పోతాయి, తెడ్ల పడవని ఎవరూ చూడరు. వాడికి ఈ జవాబు నచ్చలేదు. నీకు కావాలంటే ఇంకొకటి నువ్వు చేసుకో అన్నాను. పళ్ల చక్రం వాడి చేతిలో పెట్టాను, పావుగంట తిప్పి ఫోను తీశాడు.

నవంబరు: గంట, తెరచాప

ఓడ గంట చేశాను. ఇత్తడి కడ్డీ ముక్క లేతు మీద తిప్పి, లోపల డ్రిల్లుతో తొలిచి. అసలు వయోలా గంటకి ఒక కథ ఉంది. ఓడ దక్షిణ జార్జియాలో ఉండిపోయినా గంట మాత్రం నార్వేలోనే ఎక్కడో ఆగిపోయింది. ఒక పొలం దగ్గర ఉన్న దాన్ని ఎన్నో ఏళ్ల తర్వాత గుర్తుపట్టి హల్‌కి తెచ్చారు. ఓడ కన్నా ముందు గంట ఇల్లు చేరింది. ఓడ 1974లో మంచు బరువుకి కట్టేసిన చోటే మునిగింది. ముప్పై ఏళ్ల తర్వాత పైకి తేల్చి, అందులో మిగిలిన ఇంధనం తోడేసి ఒడ్డుకి చేర్చారు. దాన్ని హల్‌కి తీసుకురావాలని అక్కడివాళ్లు గట్టిగా ప్రయత్నిస్తున్నారు.

వల ఇంకా కాలేదు. హల్‌లో వలలు అల్లింది ఎక్కువగా ఆడవాళ్లు, కంపెనీ షెడ్లలో కొందరు, ఇళ్ల దగ్గర కొందరు. మగవాళ్లు చింపుకొస్తే వీళ్లు కుట్టేవాళ్లు. ఇక్కడ మా ఆవిడ కూడా సన్న దారంతో రెండు మూరలు అల్లి పెట్టింది. కన్ను చాలా పెద్దదిగా వచ్చిందని నేనంటే, నీ స్కేలుకి తగ్గట్టు అల్లితే నాకు కళ్లు పోతాయంది. అదే వాడతాను. పైకి లాగుతున్న వల డెక్కు మీద ముద్దగా పడి ఉంటుంది కాబట్టి కన్ను సైజు ఎవరూ కొలవరు.

వెనక కొయ్యకి చిన్న తెరచాప కావాలి. ఆవిరి ఓడకి తెరచాప ఎందుకంటే, నడపడానికి కాదు, గాలికి ఎదురుగా ఓడని ఊగకుండా నిలబెట్టడానికి. అప్పట్లో బ్రిటన్ చేపల పడవల తెరచాపలకి, వలలకి ఎర్రటి మట్టి రంగు ఉండేది. ఉప్పునీళ్లకి బట్ట కుళ్లకుండా కాచు మరిగించిన నీళ్లలో ముంచేవాళ్లు. ఆ కాచు ఓడల్లో వెళ్లింది బర్మా నుంచి, ఇండియా నుంచి. మన తాంబూలంలో వేసుకునే కాచే. పాన్ షాపులో యాభై రూపాయలకి తీసుకుని గిన్నెలో మరిగించి, పాత మల్లు పంచె ముక్క ముంచాను. మొదటి ముక్క కాఫీ రంగులో తేలింది. రెండోదాన్ని ఉప్పు వేసి, తక్కువసేపు ఉంచి ఆరేశాను. ఎరుపు కాస్త పలికింది, కానీ అంచులు ముదురుగా ఉన్నాయి. మూడోది రేపు.

తర్వాత తాళ్లు, కప్పీలు. సంచి అడుగున చేపలు వదిలే ముడి మాత్రం నేను వెయ్యడం లేదు. ఒక్క లాగుకి విడిపోవాలి, బరువు ఎంతున్నా తనంతట తాను జారకూడదు. మావయ్య ఆదివారం వచ్చి వేస్తానన్నారు. దారం సన్నగా ఉంటుంది, కళ్లజోడు తెచ్చుకోండి అని చెప్పాను. ముడెయ్యడానికి కళ్లెందుకు బాబూ అన్నారు.